ఇడ్లీ కొట్లో ఇంగ్లీషు పరీక్ష

"సార్, విచ్ ప్లాట్‌ఫాం రేపల్లె ట్రైన్ ఈజ్ కమింగ్?"

కరుణాకర్ చేతిలో పేపరు దించి చూశాడు. ఎదురుగా నీలం ఓణీ వేసుకున్న పిల్ల. తొమ్మిదో క్లాసు ఉంటుందేమో. రెండు జడలూ వానకి తడిసి భుజాలకి అంటుకుపోయాయి.

తొంభై ఒకటో సంవత్సరం, శ్రావణమాసం, శనివారం మధ్యాహ్నం. తెనాలి స్టేషన్. కరుణాకర్ ఆ ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. శనివారం వస్తే రేపల్లెలో ఉన్న నాన్న దగ్గరికి వెళ్ళడం అలవాటు. గ్రామర్ అంటే ప్రాణం. తప్పు వినబడితే పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది అతనికి.

"అలా కాదమ్మా. ఆన్ విచ్ ప్లాట్‌ఫాం ఈజ్ ది రేపల్లె ట్రైన్ కమింగ్? ఏదీ, అను."

"విచ్ ప్లాట్‌ఫాం ఈజ్..."

"ఆన్ ఏదీ? ఆన్ మింగేశావు. మళ్ళీ."

పిల్ల మళ్ళీ అంది. ఈసారి 'ది' పోయింది. అదీ పెట్టించాడు. మూడోసారికి వాక్యం నిగనిగలాడుతూ బయటికొచ్చింది.

"వెరీ గుడ్," అన్నాడు తృప్తిగా.

పిల్ల ఇంకా ఏదో చెబుతాడేమోనని కాసేపు నిలబడింది. అతను పేపరు ఎత్తుకోగానే "థాంక్యూ సార్" అని టీ స్టాలు వైపు పరిగెత్తింది.

"ఎన్నో ప్లాట్‌ఫామో మీరు చెప్పనే లేదండీ."

ఈ గొంతు వెనకనించి వచ్చింది. తిరిగి చూస్తే ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. ఒక చేతిలో నీళ్ళు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. జడలో పువ్వు ఉండాల్సిన చోట పెన్సిల్ ఉంది.

"మీకు సున్నా వేస్తున్నాను," అంది పెన్సిల్ తీసి.

"నాకా? నాకెందుకండీ?"

"పరీక్ష దానిదే లెండి. ఎదుటి మనిషికి అర్థమయ్యేలా అడగాలి, అదీ పరీక్ష. మీకు అర్థమయింది గనకే దిద్దగలిగారు. అందుకని దానికి ఏడు. అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు. అందుకని మీకు సున్నా."

"అసలు మీరెవరండీ?"

"రూతు. బాపట్లలో గర్ల్స్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. టీ స్టాలు దగ్గరున్న వాళ్ళంతా మా పిల్లలు. బయటివాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడించే పరీక్షకి పొద్దున బండికి తీసుకొచ్చాను."

"నేనూ ఇంగ్లీషే. ఇక్కడి కాలేజీలో లెక్చరర్ని."

"అనుకున్నాను. వేరే ఎవరైనా అయితే అదిగో అని చెయ్యి చూపించేవాళ్ళు."

కరుణాకర్‌కి చెవులు వేడెక్కాయి. సున్నా అనేది అతను ఇతరులకి వేయడమే గాని తను పుచ్చుకున్న వాడు కాదు.

"ఒక్కమాట అడుగుతానండీ. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి ఎక్కడొస్తుందని ఇంగ్లీషులో ఎవరడుగుతారు? ఆ పిల్లదీ తెలుగే, నాదీ తెలుగే. అవసరం లేనిచోట అడిగించి దాన్ని నిజమైన పరీక్ష అంటే ఎలా? క్లాసులో కూర్చోబెట్టి రాయిస్తే కనీసం నాటకమన్నా ఉండదు."

తిప్పికొడుతుందనుకున్నాడు. ఆమె కొట్టలేదు. గొడుగు కొసతో నేల మీద నీళ్ళు గీస్తూ నిలబడింది.

"నిజమే," అంది చివరికి. "నాకీ సంగతి తట్టలేదు." తల ఎత్తి సూటిగా చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు. కొత్త బొమ్మ దొరికిన చిన్నపిల్లకుండే కుతూహలం. "మరి మా పిల్లలకి ఇంగ్లీషు నిజంగా అవసరమయ్యేది ఎక్కడండీ?"

అంతలో రేపల్లె బండి రానే వచ్చింది.

కిటికీ పక్కన కూర్చున్నాడన్నమాటే గాని, వేమూరు ఎప్పుడు దాటిందో భట్టిప్రోలు ఎప్పుడు వచ్చిందో తెలియలేదు. వాన జల్లు మొహాన కొడుతున్నా షట్టర్ దించలేదు. ఇంగ్లీషు ఎక్కడ అవసరం? ఇన్నేళ్ళుగా వందలమంది పిల్లలకి వాయిస్‌లూ, స్పీచ్‌లూ మార్పించిన తనకి ఈ ప్రశ్న ఎందుకు రాలేదు? ఆ పెన్సిల్ జడలోకి ఎందుకు వచ్చింది?

ఇంటికి వెళ్ళగానే నాన్న లూకా మాస్టారు మందు సీసా అతని చేతికిచ్చాడు. "కళ్ళజోడు విరిగింది. ఎన్ని పూటలో చూసి చెప్పరా." ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గ్రామర్‌లో కొడుక్కి గురువు.

సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు. అన్నీ ఇంగ్లీషే.

"ఇక్కడ!" అని అరిచాడు కరుణాకర్.

"ఎక్కడరా?" అన్నాడు లూకా మాస్టారు కంగారుగా.

మర్నాడే స్కూలు అడ్రసుకి కార్డు రాశాడు. 'మందు సీసా. పురుగుమందు డబ్బా. పంపుసెట్టుతో ఇచ్చే పుస్తకం. బ్యాంకు చలానా. ఇప్పటికి ఇవి దొరికాయి.'

నాలుగో రోజున జవాబు. 'టెలిగ్రామ్ మర్చిపోయారు. ఇవన్నీ చదివేవే. మాట్లాడేది ఒకటి నాకు దొరికింది. శనివారం బాపట్ల వస్తే చూపిస్తాను.'

ఆ శనివారం కరుణాకర్ రేపల్లె బండి ఎక్కలేదు.

*

వ్యవసాయ కాలేజీ హాస్టల్‌కి దగ్గర్లో సుబ్బాయమ్మ ఇడ్లీ కొట్టు. తాటాకు పందిరి, రెండు బల్లలు. రూతు అతన్ని మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి "మాట్లాడకండి, వినండి" అంది.

వడ్డిస్తున్నది రెండు జడల పిల్ల. తెనాలి స్టేషన్లో తను దిద్దిన పిల్లే. పేరు సరోజిని, సుబ్బాయమ్మ కూతురు.

అవతల బల్ల మీద మణిపూర్ నించి చదువుకోడానికొచ్చిన కుర్రాడు. అతనికి తెలుగు ముక్క రాదు.

"చట్నీ?" అన్నాడు.

"చట్నీ ఫినిష్, అన్నా. సాంబార్ దేర్ ఈజ్. హాట్ హాట్. యు వెయిట్ ఫైవ్ మినిట్, న్యూ చట్నీ కమింగ్."

"నో, నో. ఐ హావ్ క్లాస్."

"దెన్ టేక్ కారప్పొడి. బట్ స్మాల్ స్మాల్. లాస్ట్ టైం యు క్రయింగ్."

కుర్రాడు పకపకా నవ్వాడు. సరోజినీ నవ్వింది.

రూతు కరుణాకర్ వైపు వంగింది. "ఎన్ని తప్పులు?"

"లెక్క పెట్టడం మానేశాను."

"ఎన్ని ఇడ్లీలు తప్పు బల్లకి వెళ్ళాయి?"

"ఒక్కటీ వెళ్ళలేదు."

"స్కూల్లో ఇది నోరు విప్పదండీ. వ్యాసం రాయమంటే వణికిపోతుంది. మరి ఈ పిల్లకి ఇంగ్లీషు వచ్చినట్టా రానట్టా? నేను హైదరాబాదులో ట్రైనింగ్ అయినప్పటినించీ నన్ను తొలుస్తున్నది ఇదే. ఏడాది పొడుగునా పిల్ల ఏం చేయగలుగుతోందో చూడాలి గాని, మూడు గంటలు కూర్చోబెట్టి కంఠతా పట్టింది కక్కించుకుని అదే చదువంటే ఎట్లా?"

మాట్లాడుతుంటే ఆమె చేతులు ఆగవు. ఇడ్లీ ముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే తిరుగుతోంది, సాంబారు చుక్క ఒకటి కరుణాకర్ తెల్ల చొక్కా మీద పడింది.

"అయ్యో!"

"పర్లేదండి. సున్నా కంటే నయమే."

ఆమె నవ్వు చూశాక ఆ చొక్కాని ఉతుక్కి వేయాలనిపించలేదు అతనికి.

ఆ తర్వాత శనివారాలన్నీ బాపట్లకే పోయాయి. ఇద్దరూ కలిసి పరీక్షలు వెతికేవాళ్ళు. పోస్టాఫీసులో నిలబడేవాళ్ళు. చీరాల వెళ్ళి, పైరాష్ట్రాల వ్యాపారులు చీరలకి బేరమాడటం విన్నారు. బ్యాంకులో ఊరికే చలానాలు అడిగితే ప్యూను అనుమానంగా చూశాడు. "పెళ్ళి కుదిరిందా బాబూ, జాయింటు ఎకౌంటా?" అని అడిగాడు కూడా. ఇద్దరికీ ఒకేసారి దగ్గు వచ్చింది.

*

అర్ధ సంవత్సర పరీక్షల్లో రూతు సగం మార్కులకి మామూలు పేపరే ఇచ్చింది. మిగతా సగానికి, ఇంట్లో ఉన్న ఇంగ్లీషు కాగితమో సీసానో తెచ్చి, దాని మీద ఉన్నది ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పినట్టు తెలుగులో రాయమంది. ఇంట్లోనో వీధిలోనో జరిగిన ఒక మాటల ముచ్చట ఇంగ్లీషులో రాయమంది.

తల్లిదండ్రులు కొందరు స్కూలు నడిపే కరస్పాండెంటు బ్రహ్మానందం గారి దగ్గరికి వెళ్ళారు. "మా పిల్లలు ఇంట్లో తలనొప్పి మాత్రలు చదువుతున్నారండీ. ఇదేం చదువు?"

బ్రహ్మానందం గారు చెడ్డమనిషి కాదు. కాకపోతే పదో తరగతి రిజల్ట్సు ఆయనకి ఊపిరి. గ్రామర్‌లో గట్టివాడని పేరున్న కరుణాకర్‌ని పిలిపించి, రూతు వేసిన మార్కులు చూపించకుండా, నంబర్లు మాత్రమే ఉన్న పేపర్ల కట్ట ఇచ్చాడు. "మీరు మళ్ళీ దిద్దండి సార్. బయటి మనిషి మాట నాకు కావాలి."

కాదనొచ్చు. రూతుతో ఒక మాట చెప్పనూ వచ్చు. కరుణాకర్ రెండూ చేయలేదు. పిల్లలు ఏం రాశారో చూడాలన్న ఆత్రమే అతన్ని కట్ట పట్టుకునేలా చేసింది.

రెండ్రోజుల తర్వాత రూతు తెనాలి వచ్చింది. కాలేజీ మెట్ల మీదే ఎదురైంది. జడలో పెన్సిల్ లేదు. చేతిలో ఎర్ర సిరా పేపరు ఉంది.

"ఈ ఎర్ర సిరా రాత ఎవరిదో నాకు తెలుసు. కార్డు మీద కూడా ఇలాగే పొల్లు పొడుగ్గా లాగుతారు." పేపరు అతని మొహం ముందు ఆడించింది. "సరోజిని ఫెయిలా?"

"రూతుగారూ..."

"ఇడ్లీలు తిన్నప్పుడు ఒక మార్కు, దిద్దేటప్పుడు ఒక మార్కూనా? నంబరే ఉంది, ఎవరిదో తెలియలేదని మాత్రం చెప్పకండి. చట్నీ ఫినిష్ అని రాసింది అందులో!"

"తెలిసింది," అన్నాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆ కొట్టు ముచ్చటకి నేనూ మార్కులు వేశాను, చూడండి. పదికి ఆరు. పోయింది అక్కడ కాదు. పక్క పేజీ తిప్పండి."

తిప్పింది. సరోజిని దగ్గు మందు సీసా గురించి రాసిన జవాబు. పక్కన పెద్ద సున్నా.

"సీసా మీద ఉన్నది, నాట్ టు బి గివెన్ టు చిల్డ్రన్ అన్‌లెస్ అడ్వైజ్డ్ బై ఎ డాక్టర్. డాక్టరు చెబితే తప్ప పిల్లలకి ఇవ్వకూడదని. తను వాళ్ళమ్మకి ఏం చెప్పిందో చదవండి."

రూతు చదివింది. 'డాక్టరు చెప్పకపోయినా పిల్లలకి ఇవ్వొచ్చు.'

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

"మోతాదూ, పూటలూ అన్నీ సరిగ్గా రాసింది," అంది చాలా చిన్న గొంతుతో. "ఈ వాక్యం నా కళ్ళు దాటిపోయింది. నేను దీనికి తొమ్మిది వేశాను."

గెలిచినందుకు సంతోషం రావాలి. రాలేదు. ఆ తల అలా వంగి ఉండటం కరుణాకర్‌కి ఏమాత్రం బాగాలేదు. అతనూ రెండు మెట్లు కింద కూర్చున్నాడు.

"ఒక సంగతి చెప్పనా? ఇన్నేళ్ళుగా అన్‌లెస్ చెబుతున్నాను. బోర్డు మీద వాక్యాలు, ఖాళీలు పూరించడాలు. నా క్లాసులో వందకి తొంభై మంది దాన్ని సరిగ్గా రాస్తారు. కానీ దానికి ఒక పిల్ల ప్రాణమంత విలువ ఉందని మీ పరీక్ష చూశాకే నాకు తెలిసింది. మీరు ఆ సీసా తెమ్మనకపోతే ఆ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు."

రూతు తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ పాత కుతూహలం మెల్లగా తిరిగి వస్తోంది.

"మా పిల్లలకి అన్‌లెస్ మీరొచ్చి చెబుతారా?"

"చెబుతాను. పరీక్ష మాత్రం మీరే పెట్టండి."

*

బ్రహ్మానందం గారిని బతిమాలి క్రిస్మస్ సెలవుల లోపు ఇంకొక్క పరీక్షకి ఒప్పించారు. కరుణాకర్ వరసగా సాయంత్రాలు బాపట్ల వచ్చాడు. మందు సీసాలు, పురుగుమందు డబ్బాలు బల్ల మీద వరసగా పేర్చి పాఠం చెప్పాడు. పిల్లలు తప్పు మాట్లాడితే దిద్దబోయి, రూతు కనుబొమ్మ లేస్తే ఆగేవాడు. ఆమె కూడా మారింది. పిల్లలు చెప్పేది చివరి మాట దాకా విని, "ఇంకోసారి చదువు, అక్కడ ఏముంది?" అని అడిగేది.

పరీక్ష రోజున బ్రహ్మానందం గారిని స్కూలుకి కాకుండా ఇడ్లీ కొట్టుకి తీసుకెళ్ళారు. పందిరి గుంజకి కొత్త పలక వేలాడుతోంది. సుద్దముక్కతో ఇంగ్లీషులో రాసి ఉంది. హాస్టల్ పిల్లల కోసం సరోజిని సొంతంగా రాసిన పలక.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పైకి చదివాడు. "నో పార్సిల్ అన్‌లెస్ యు బ్రింగ్ యువర్ క్యారియర్." స్పెల్లింగులో ఒక తప్పు పట్టుకుని ఊఁ అన్నాడు. తర్వాత నాలుగు ఇడ్లీలు తిని, ఇంట్లో భార్యకని ఇంకో నాలుగు అడిగాడు. "పార్సిల్ కట్టు పాపా."

సరోజిని చేతులు కట్టుకుని నిలబడింది. "క్యారియర్ తెచ్చారా అండీ?"

"లేదే."

"అయితే ఇవ్వం సార్. పలక మీద రాశాను కదండీ."

"నేను మీ స్కూలు కరస్పాండెంటునమ్మా!"

"కరస్పాండెంటుకైతే ఇస్తామని రాయలేదండీ."

లోపల పొయ్యి దగ్గర సుబ్బాయమ్మ నెత్తి కొట్టుకుంది. రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బ్రహ్మానందం గారు పలక వైపు, పిల్ల వైపు, ఖాళీ చేతుల వైపు చూసుకుని, బల్ల చరిచి మరీ నవ్వాడు.

"అన్‌లెస్ అంటే ఏంటో నాకు బాగా తెలిసిందమ్మా," అన్నాడు. అప్పుడే రూతు వైపు తిరిగి, "మార్చిలో వందకి పాతిక మార్కులు మీ ఇష్టం. డెబ్భై అయిదు మాత్రం పాత పద్ధతే. అంతకంటే నేను దిగను" అన్నాడు.

"పాతిక చాలండి," అంది రూతు. వచ్చే ఏటికి యాభై అడగాలని అప్పుడే అనుకుంటోందని కరుణాకర్‌కి ఆ మొహం చూస్తేనే తెలిసింది.

*

సాయంత్రానికి వాన పట్టుకుంది. వాయుగుండమట. బాపట్ల బస్టాండులో రేపల్లె బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. రూతు గొడుగు పట్టుకుని వదిలిపెట్టడానికి వచ్చింది.

"పనైపోయింది గదా మాస్టారూ. ఇక శనివారాలు మీవి మీకే," అంది వాన వైపు చూస్తూ.

"అదే చెబుదామని... ఐ హావ్ బీన్ మీనింగ్ టు టెల్ యు..."

"ఏంటి?"

"ఇఫ్ యు వుడ్ కన్సిడర్..."

"ఇంగ్లీషు ఎవరికండీ ఇక్కడ? తెలుగులో చెప్పండి."

తెలుగులో! ఇంగ్లీషులో అయితే ఎంత పెద్ద వాక్యమైనా కడతాడు, దాని వెనక హాయిగా నిలబడతాడు. తెలుగులో నిలబడటానికి చాటు లేదు. కండక్టరు విజిల్ వేశాడు.

"ఎక్కండి, బస్సు పోతుంది."

"నేను... శనివారాలు... మీరు లేకపోతే నాకు బాగుండదు," అన్నాడు. "ఆదివారాలు కూడా."

"సోమవారం?"

"సోమవారం కూడా అండి."

గొడుగు వంగి అతని భుజం మీద నీళ్ళన్నీ కుమ్మరించింది. ఆమె చూసుకోలేదు. "మా అమ్మని అడగాలి," అంది. బుగ్గల మీద ఉన్నది వానో మరేమిటో తెలియలేదు. "నన్ను మాత్రం అడగక్కర్లేదు. నేను తెనాలిలోనే..." మిగతాది బస్సు హారన్‌లో కలిసిపోయింది.

"ఏంటండీ? తెనాలిలో ఏంటి?" కదిలే బస్సు మెట్టు మీదనించి అరిచాడు.

"మళ్ళీ చెప్పను!"

రేపల్లె దాకా అదేమై ఉంటుందా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

*

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, గుడిలో ఆరాధన అయ్యాక, లూకా మాస్టారు కొడుకుని వెంటబెట్టుకుని బాపట్లలో రూతు వాళ్ళింటికి వచ్చాడు. రూతు తల్లి అన్నమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని పెంచింది. కరుణాకర్‌ని నాడి చూసినట్టు చూసింది.

కాఫీలయ్యాక లూకా మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయిని నేనొక ప్రశ్న అడగొచ్చా చెల్లెమ్మా?"

కరుణాకర్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. నాన్న ప్రశ్నలు అతనికి తెలుసు. ఏ క్లాజునో విడదీయమంటాడు.

"అడగండి అన్నయ్యగారూ."

"చూడమ్మా, మావాడు నీ మాట వింటున్నాడా?"

రూతు ఒక్కక్షణం కరుణాకర్ని చూసింది. "మొదట్లో వినలేదండి. ఇప్పుడు వింటున్నారు."

"అయితే నాకేం అభ్యంతరం లేదు. ముప్ఫయ్యేళ్ళుగా నా మాట వినలేదు వాడు."

అన్నమ్మ ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, "ఒక్కతే పిల్ల నాకు. దగ్గర్లోనే ఉంటుంది గదా, తెనాలి ఎంతసేపు?" అంది. ఆమెకి కావలసిన జవాబు ఆమే చెప్పుకున్నట్టయింది. కూతురి చెయ్యి తెచ్చి కరుణాకర్ చేతి పక్కన పెట్టింది.

"ప్రార్థన చేద్దాం," అని లేచాడు లూకా మాస్టారు.

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. మాస్టారు ప్రార్థన ఆయన గ్రామర్ పాఠంలాగే పొడుగు. సృష్టి దగ్గర మొదలైంది. కరుణాకర్ కాసేపు ఓపికపట్టాడు. పక్కన ఆమె ఏం చేస్తోందో చూడాలన్న కోరిక ఆగలేదు. ఒక్క కన్ను, కొంచెమే తెరిచాడు.

రూతు కూడా ఒక కన్ను తెరిచి అతన్నే చూస్తోంది.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఇద్దరూ కళ్ళు మూసుకోలేదు. "తెనాలిలో ఏంటి?" అని పెదవులతో అడిగాడు అతను. ఆమె తల అడ్డంగా ఊపి, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

లూకా మాస్టారు 'ఆమేన్' అన్నాడు. అన్నమ్మ 'ఆమేన్' అంది. ఆ ఇద్దరూ అనడం మర్చిపోయారు.